ఇద్దరు జనరల్స్, ఒక చెంబు నీళ్లు

మా ఏటిమొగపాళేనికి దారి ఒక్కటే. ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, నడుమ తారురోడ్డు. ఆ రోడ్డు ఊళ్లోకి దిగేచోట పోయిన మాఘమాసంలో ఒక ఆర్చి లేచింది. మా ఊరి బడికి పైకప్పు కారుతుంది గానీ, ఆర్చికి మాత్రం రెండు ఏనుగులు, రెండు ఫిరంగులు, నడినెత్తిన ఒక సింహం ఉన్నాయి. సింహం మొహంలో మా వీధికుక్క పోలికలు కనిపిస్తాయి. మేస్త్రీకి పని చేసినన్నాళ్లూ ఎదురుగా కూర్చున్నది అదే మరి.

కట్టించినవాడు హజరత్తయ్య. మెట్ట వైపు రైతు. వరి మానేసి వచ్చి మా ఏటి పక్కన రొయ్యల గుంటలు తవ్వించాడు. ఆర్చి మీద పెట్టే పేరు ఆయన మేనమామ కొడుకుది. లెఫ్టినెంట్ జనరల్ చిట్టమూరు పరంధామయ్య, రిటైర్డ్. పేరు పెట్టనిస్తే జనరల్ గారు ఢిల్లీలో మాట్లాడి ఊరికి ఐసు ఫ్యాక్టరీ తెప్పిస్తారని హజరత్తయ్య మాటిచ్చాడు. ఊరి కట్టుబాట్లు చూసే పెదకాపు ముత్యాలయ్య మామ సరేనన్నాడు. మిగతా పెద్దలు తలలూపారు. ఆడవాళ్లను అడగలేదు. ఆడవాళ్లను అడిగే కట్టుబాటు మాకు లేదు. చేపలమ్మి ఇల్లు నడిపే కట్టుబాటు మాత్రం ఉంది.

మా అత్త కామాక్షమ్మకు ఆ పేరు సంగతి ఆర్చి సగం లేచాక తెలిసింది. ఆమె రోజూ పొద్దున్నే ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఆ రోడ్డు వెంట నడిచి, పెద్దరోడ్డులో ఆటో ఎక్కి కావలి పోతుంది. ఆ రోజు సగం దారిలో వెనక్కొచ్చి గంప అరుగు మీద దించింది.

"ఆ పేరు కింద తల దూర్చి పొయ్యేది నా వల్ల కాదు" అంది మా ఆయనతో. "పేరన్నా దించండి, లేకుంటే నన్ను ఏట్లో దించండి."

మా అత్త కోపం గిన్నెలు విసిరే రకం కాదు. గంప దించిందంటే దించినట్టే. పదకొండేళ్ల కిందట కొడుకు పోయిన నెలలో తప్ప ఆమె వ్యాపారం మానింది నేను చూడలేదు.

ఆ కొడుకు పెంచలయ్య, మాకు పెంచల్, నా మరిది. పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు. సముద్రం పడని వాడికి పట్టాళం పడుతుందేమోనని పంపించారు. ఉత్తరాన మంచుకొండల్లో ఒక పోస్టులో ఇరవైనాలుగేళ్లకు పోయాడు. మంచు చరియ విరిగిపడి నలుగురు చనిపోయారని టెలిగ్రాం వచ్చినట్టు రెండు ముక్కల్లో కబురొచ్చింది. తర్వాత పరంధామయ్య గారి ఉత్తరం వచ్చింది. ఆయన అప్పటికి మేజర్ జనరల్, ఆ ప్రాంతమంతా ఆయన చేతికింద. ఉత్తరమంతా అచ్చు వేసింది. సంతకం కూడా అచ్చే. పేరు రాసేచోట మాత్రం ఖాళీ వదిలి, ఎవరో గుమాస్తా పచ్చ ఇంకుతో 'పెంచలయ్య' అని పూరించాడు. మా గ్యాసు కంపెనీ కూడా ఇంతకన్నా శ్రద్ధగా రాస్తుంది.

ఉత్తరం వచ్చిన మూడు నెలలకు ఇంకో ఆయన వచ్చాడు. ఉత్తరం కాదు, మనిషే వచ్చాడు. ఫ్రెడ్డీ జ్ఞానయ్య, నెల్లూరు మూలాపేట మనిషి. అప్పటికి బ్రిగేడియరు, పరంధామయ్య గారి కింద పనిచేసినవాడు. బస్సు దిగి నడిచొచ్చి, మా గడప బయట చెప్పులు విడిచి, ఎండలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఏం జరిగిందో తన నోటితో చెప్పాడు.

మర్నాడు ఢిల్లీ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. శిఖరం మీద జెండా ఎగురుతూ ఉండగా వాళ్లకు చూపించాలని పరంధామయ్య గారికి కోరిక. మంచు కదులుతోందని వాతావరణం వాళ్లు హెచ్చరించారు. మనుషుల్ని పంపకూడదని ఫ్రెడ్డీ గారు కాగితం మీద రాసిచ్చారు. పైనుంచి మళ్లీ ఆర్డరు వచ్చింది. ఫ్రెడ్డీ గారు పంపించారు. పెద్దవాళ్లేమో మబ్బులున్నాయని అసలు రానేలేదు.

మా అత్త ఆయన్ను మధ్యాహ్నం దాకా నిలబెట్టింది. తిట్టాల్సినవన్నీ తిట్టింది. చివరకు లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. ఇది అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. 'వద్దు' అని చక్కటి ఇంగ్లీషులో రాసి, అదే చేత్తో వాళ్లను పంపించిన మనిషికి దాహమేస్తే ఏటి నీళ్లున్నాయి.

బిడ్డ చావు ఊరి నోళ్లలో నలగకూడదని ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దంది అత్త. పదకొండేళ్లు చెప్పలేదు. ఇప్పుడు మా ఆయన మస్తాన్ పోయి పెద్దల ముందు చెప్పాడు. వాళ్లు నమ్మలేదని కాదు. కానీ హజరత్తయ్యకు మాటిచ్చేశారు, ప్రారంభం జరిగే ఆదివారం ఒక్క పడవా వేటకు పోకూడదని ఊరంతా దురాయి చాటించేశారు. మా ఊళ్లో దురాయి అంటే పెద్దల ఆజ్ఞ. వేశాక తీసేది లేదు. పైగా హజరత్తయ్య అక్కడే కుర్చీలో కూర్చొని, మరి కాగితముందా అని అడిగాడట. కాగితం లేదని మా ఆయన ఒప్పుకొని ఇంటికొచ్చాడు.

కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. ఫ్రెడ్డీ గారికి ఫోన్ చేశాను. ఆయన మేజర్ జనరల్‌గా రిటైరై మూలాపేటలో గులాబీ మొక్కలు పెంచుకుంటున్నారు. నమ్రతగా మాట్లాడారు, అమ్మ ఎలా ఉన్నారని అడిగారు. కాగితం నకలు తన దగ్గరే ఉందన్నారు. కానీ అది రహస్యపత్రమనీ, బయటపెట్టడం నియమం కాదనీ, తన మనస్సాక్షికి మాత్రం రోజూ జవాబు చెప్పుకుంటున్నాననీ అన్నారు.

"మీ మనస్సాక్షికి ఒక జిరాక్సు తీయించి పంపండి సార్, ఆదివారం లోపల" అన్నాను.

జిరాక్సు రాలేదు.

అదే వారం హజరత్తయ్య మా ఇంటికొచ్చాడు. ఊళ్లో కోడళ్లలో బి.ఏ. హిస్టరీ నేనొక్కదాన్నే. అది ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రారంభం రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నాడట, అందులో రెండు వ్యాసాలు నేను రాయాలట. మొదటిది, మన జిల్లా ఇద్దరు జనరల్స్: సేవలు, పోలిక. పేరు ఫ్రెడ్డీ గారిది పెట్టొచ్చు కదా అని కావలిలో ఎవరో అన్నారట. ఇద్దరినీ పక్కపక్కన పెడితే ఎవరు పెద్దో జనానికి తెలుస్తుందని ఆయన ఆలోచన. రెండోది, మన పల్లె కట్టుబాట్లు. జనరల్ గారు ప్రసంగంలో వాడుకుంటారట.

సరే, రాస్తానన్నాను. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. "తమ్ముణ్ణి చంపినోడికి వ్యాసం రాస్తావా" అన్నాడు. రెండో వ్యాసం అడిగినందుకే ఒప్పుకున్నానని ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన మొహం మీద కనబడిపోతుంది. చేపలు పట్టే మనిషే గానీ, కడుపులో మాట పట్టడం చేతకాదు.

పోలిక రాయడం కష్టమేమీ కాలేదు. ఎక్కడా అబద్ధం రాయలేదు. పరంధామయ్య గారిది ముప్పైతొమ్మిదేళ్ల సర్వీసు, ఫ్రెడ్డీ గారిది ముప్పైఆరు. పరంధామయ్య గారికి పదిహేడు పతకాలు, ఫ్రెడ్డీ గారికి ఆరు. ఆ చలికాలం తర్వాత పరంధామయ్య గారికి పతకమూ ప్రమోషనూ వచ్చాయి; ఫ్రెడ్డీ గారిని స్టోర్సు చూసుకోమని ఎడారికి పంపారు. పరంధామయ్య గారు రిటైరయ్యాక టీవీలో కూర్చొని వారానికి మూడు యుద్ధాలు చేస్తారు. ఫ్రెడ్డీ గారు ఒక్కటీ చేయరు. పరంధామయ్య గారి పేరు మీద రెండు బళ్లు, ఒక వీధి, ఒక బస్సు షెల్టరు ఉన్నాయి. ఫ్రెడ్డీ గారి పేరు ఆయన గేటు మీద ఉంది. హజరత్తయ్య చదివి మురిసిపోయాడు. పోలిక అంటే తూకమని ఆయన లెక్క, ఎటు బరువెక్కువో అటే గొప్ప.

ఆ సంబరంలో రెండో వ్యాసం పైపైన చూశాడు. ముత్యాలయ్య మామ మాత్రం పూర్తిగా చదివించుకొని విన్నాడు. విని, ఒక్కచోట ఆగి, మళ్లీ చదవమన్నాడు. నేను చదివాను:

"మా ఊళ్లో పడవ నడిపే సరంగు మనిషిని పోగొట్టుకొని తిరిగొస్తే తన ఇంటికి పోకూడదు. చెప్పుల్లేకుండా ఆ పోయినవాడి గడప ముందు నిలబడాలి. ఎట్లా పోయాడో తన నోటితోనే చెప్పాలి. ఆ ఇంటి తల్లి ఎన్ని తిట్టినా వినాలి. ఆమె చెంబుతో నీళ్లిస్తే తాగి ఇంటికి పోవాలి. ఆ నీళ్లు తాగనివాడికి ఊరు తలగుడ్డ చుట్టదు."

తలగుడ్డ చుట్టడమే మా ఊళ్లో అన్నిటికన్నా పెద్ద మర్యాద. ఆదివారం జనరల్ గారికి చుట్టడానికి అంచు బట్ట అప్పటికే కావలి నుంచి వచ్చి ఉంది.

మామ నా మొహం చూశాడు. ఆయన కూడా ముప్పై ఏళ్ల కిందట పోలేరమ్మవ్వ గడప ముందు ఒకటిన్నర రోజు నిలబడ్డవాడే. తీసెయ్యమంటాడేమో అనుకున్నాను.

"ఉండేదే కదమ్మే రాసినావు" అని లేచిపోయాడు.

ఆదివారం పొద్దున పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆర్చి దగ్గర షామియానా. మా ఇల్లు రోడ్డు మీద మొదటి ఇల్లే, స్టేజీ నుంచి అరవై అడుగులు. పేరు మీద పట్టుగుడ్డ కప్పి తాడు వేలాడదీశారు. మా అత్త ఆడవాళ్ల వరుసలో చివర కూర్చుంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.

జనరల్ గారు తెల్ల సూటు, నల్ల బూట్లు, ఛాతీ మీద పతకాలతో కారు దిగారు. పొడుగరి, అరవై అయిదు దాటినా నిటారుగా ఉన్నారు. మాట కూడా గంభీరంగా ఉంది. ఇన్నేళ్లూ ఆయన్ను ద్వేషిస్తూ వచ్చినదాన్ని, చూడ్డానికి ఇంత బాగుంటాడని అనుకోలేదు. దానికి ఇంకా మండింది.

హజరత్తయ్య పోలిక చదివి వినిపించాడు. పదిహేడు పతకాల దగ్గర చప్పట్లు. తర్వాత జనరల్ గారు మైకు అందుకున్నారు. చేతిలో మా పుస్తకం ఉంది. పేజీలు తిప్పుతూ, తాను కొండల్లో ఎట్లా నిలబడిందీ, సైనికులు తనను తండ్రిలా ఎట్లా చూసిందీ చెప్పారు. రెండో వ్యాసం పేజీ దగ్గర ఆగారు. అద్దాలు సవరించుకొని సరంగు కట్టుబాటు పైకి చదివారు, ఒక్క ముక్క వదలకుండా.

"ఇదీ నాయకత్వమంటే" అన్నారు. "ఈ పల్లె పెద్దలు వందల ఏళ్ల కిందటే కనిపెట్టారు. నా జీవితమంతా నేను పాటించింది ఇదే. నా మనిషి పోతే ఆ తల్లి గడప ముందు నిలబడ్డాను."

చప్పట్లు కొట్టాలని హజరత్తయ్య చేతులెత్తాడు. ఎవరూ కొట్టలేదు. మగవాళ్ల వరుసలన్నీ మా వైపు తిరిగాయి.

అత్త లేచింది. కొంగు సర్దుకుంది. స్టేజీ వైపు కూడా చూడలేదు, నేరుగా ఇంటి వైపు నడిచింది. గడప దాటి లోపలికి పోయి, చెంబుతో నీళ్లు ముంచుకొని వచ్చి, గడప లోపల నిలబడింది. అరవై అడుగుల దూరం నుంచి అందరికీ కనిపిస్తోంది.

జనరల్ గారు ఆమె ఎవరని హజరత్తయ్యను అడిగారు. హజరత్తయ్య నవ్వబోయాడు. ఈలోపల ముత్యాలయ్య మామ స్టేజీ ఎక్కాడు. అంచు బట్ట ఆయన చేతిలోనే ఉంది.

"మీ కింద పనిచేసి, మంచు చరియలో పోయిన నలుగురిలో ఒకడి తల్లి అయ్యా. మీరు ఇంకా ఈ గడపకు రాలేదు. వచ్చి నీళ్లు తాగండి, తలగుడ్డ చుడతాను."

ఎండకు అమ్మకు ఒంట్లో బాగున్నట్టు లేదని, కార్యక్రమం అయ్యాక కలుస్తారని హజరత్తయ్య అన్నాడు. ముందు గడప, తర్వాతే గుడ్డ అన్నాడు మామ. గొంతు పెంచలేదు. అప్పటికి ఊరంతా లేచి నిలబడి ఉంది. దురాయి పుణ్యమా అని ఒక్క మగవాడు కూడా సముద్రం మీద లేడు.

జనరల్ గారు తెలివైన మనిషి. కెమెరాల వైపు ఒకసారి చూసి, చిరునవ్వుతో స్టేజీ దిగారు. వెనకే ఆయన పీఏ, గొడుగు పట్టుకొని హజరత్తయ్య. గడప ముందుకొచ్చి చేతులు జోడించారు.

"బూట్లయ్యా" అన్నాడు మామ.

విప్పడానికి చాలాసేపు పట్టింది. లేసులు బిగించి ఉన్నాయి. పీఏ వంగబోతే మామ ఆపాడు. జనరల్ గారు తానే వంగి విప్పుకున్నారు. సిమెంటు చప్టా కాలుతోంది. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి మారుతూ మొదలుపెట్టారు. దేశం, త్యాగం, వీరమాత, మంచు, విధి. టీవీలో మాట్లాడినట్టే, తడుముకోకుండా. విధి అనే మాట మూడుసార్లు వచ్చింది. జెండా అనే మాట ఒక్కసారీ రాలేదు.

అత్త విన్నది. చెంబు రెండు చేతులతో పట్టుకొనే ఉంది.

"దేశం సంగతి నాకు తెలుసులే అయ్యా. దానికి బిడ్డనే ఇచ్చినా" అంది. "నా బిడ్డ పేరేంది?"

జనరల్ గారు పీఏ వైపు చూశారు. పీఏ ఫోను తీశాడు. ఈ పక్కన ఫోను మాటలే గానీ నెట్టు రాదు. హజరత్తయ్య నోరు తెరవబోయాడు.

"నువ్వు చెప్పగూడదు" అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే.

"ఆ నలుగురూ నా బిడ్డలేనమ్మా" అన్నారు జనరల్ గారు.

"నలుగుర్ని అడగలా. ఒక్కడ్నే అడిగినా."

గోడ మీద, ఆమె భుజం పైన, పెంచల్ ఫోటో ఉంది. కింద పేరు రాసి ఉంటుంది. కానీ ఎండలో నుంచి చూసేవాళ్లకు లోపలి గోడ చీకటి. జనరల్ గారు కళ్లు చిట్లించి చూశారు. పదిహేడు పతకాలున్న మనిషి, మా గుమ్మంలో పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడిలా మెడ సాచడం నేను చూశాను. జాలి కలుగుతుందేమోనని భయపడ్డాను. కలగలేదు.

అప్పుడు ఆయనకు కోపమొచ్చింది. వేలమంది సైనికుల్ని నడిపిన మనిషిని ఇట్లా నిలబెట్టడం అవమానమనీ, ప్రతి పేరూ ఎవరు గుర్తుపెట్టుకుంటారనీ అన్నారు. అనేశాక, అన్నది ఏమిటో ఆయనకే వినబడినట్టుంది.

అత్త చెంబు ఎత్తింది. నీళ్లు తానే తాగింది, గటగటా, ఆపకుండా. కొంగుతో మూతి తుడుచుకొని లోపలికి పోయింది.

ముత్యాలయ్య మామ అంచు బట్టను మడతపెట్టి తన భుజం మీద వేసుకున్నాడు. "బూట్లేసుకోండయ్యా, కాళ్లు కాల్తాయి" అన్నాడు. ఊళ్లోవాళ్లు ఎటువాళ్లు అటు కదిలారు. పట్టుగుడ్డ తాడు అట్లాగే వేలాడుతూ ఉంది, లాగేవాళ్లు లేక.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో 'ఘనంగా ఆర్చి ప్రారంభం' అని వచ్చింది. ఫోటోలో జనరల్ గారు మా గడప ముందు వంగి ఉన్నారు. 'వీరమాతకు జనరల్ పాదాభివందనం' అని కింద రాశారు. ఆ బూట్లు విప్పడానికి వంగినప్పుడు తీసి ఉంటారు. నేను ఆ పేపరు నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. కోపం పోతుందనుకున్నాను. ఇంకో పేపరు దొరికితే అదీ పెడదామనిపించింది.

పట్టుగుడ్డ కింది అక్షరాలను మా ఆయనా, ఇంకో ఇద్దరూ నిచ్చెనేసి పీకేశారు. ఐసు ఫ్యాక్టరీ రాలేదు. పేరుంచినా వచ్చేది కాదులే. ఖాళీగా ఉంచడమెందుకు, ఫ్రెడ్డీ గారి పేరు పెడదామని పెద్దల్లో ఒకరన్నారు. ఆ మంచి మనిషి గడపకు వచ్చాడు కదా అని. ఈసారి మా అత్తను అడిగారు. అదొక్కటి మారింది.

"ఆయన నీళ్లు తాగినాడు. అంతవరకే" అంది అత్త. "నీళ్లిచ్చింది ఇంటికి పొమ్మని. గోడెక్కి కూర్చోమని కాదు."

అయితే పెంచల్ పేరే పెడదామన్నారు. దానికీ ఒప్పుకోలేదు. నా బిడ్డ పేరుకు ఆ కుక్కమొహం సింహాన్ని కాపలా పెడతారా అంది. ఆర్చి నుదుట ఇప్పుడు మేకుల గుంతలు తప్ప ఏమీ లేవు.

కావాలని రాసినావా అమ్మే అని ముత్యాలయ్య మామ నన్ను ఒకసారి అడిగాడు. కట్టుబాట్లు రాయమన్నారు, రాశాను మామా అన్నాను.

హజరత్తయ్య పంచకుండా వదిలేసిన పుస్తకాలు రెండు వందలు మా అరుగు మీదే ఉండిపోయాయి. అత్త ఒకటి చింపి చూసింది. జనరల్ గారి ఫోటో ఉన్న పేజీ మందంగా, నున్నగా ఉంది. ఎండు నెత్తళ్ల పొట్లం కడితే ఉప్పు కారదు. రోజూ పొద్దున ఆ పొట్లాలు గంపనిండా పెట్టుకొని, తల వంచకుండా, ఆ ఖాళీ ఆర్చి కింద నుంచే కావలికి పోతోంది.